పడియున్న కట్టె

త్రోవలో బంగారు టుంగరము దొరకినచో దానిని వ్రేలికి దొడిగికొని యింటికి బోరాదని మన మందఱ మెఱుగుదుము. నలుగురి నడుగుదుము; సొంతదారు కనబడనిచో ఠాణాలో నొప్పగింతుము. అదే త్రోవలో మామిడిటెంక కనబడినచో దెచ్చి పెరటిలో బాతుకొందుము. మనస్సున కించుకయు జంకు గలుగదు. ఈ రెంటికిని నడుమ నొక వస్తువు కలదు. అది యెండి నేలబడియున్న కట్టె. అది యుంగరమువలె నొకరి సొత్తా? టెంకవలె నెవ్వరిదియు గానిదా? ఇంత చిన్న ప్రశ్నకు పత్రికలో నిన్ని పుట లేల యని పాఠకులు నవ్వవచ్చును. మేమును బహుకాలము నవ్వితిమి. ఒక వృద్ధస్త్రీ మా చేతిలోని కట్టెకొనను బట్టుకొని "ఇది నాది" అనిన దినము మొదలు మాకా నవ్వు రాకున్నది.

మాకు కొన్నియేండ్లుగా తరిమెనపని యందు వేడుక. కట్టెముక్కను రెండు మొనల నడుమ బిగించి గిరగిర ద్రిప్పుచు, దానికి ఉలి నానించి గుండ్రని వస్తువులు దీయు సాధనమునకు తరిమెన యని పేరు. పూర్వ మొకరు త్రాడు లాగుచుండ నొకరు ఉలి పట్టెడివారు. ఇప్పుడు విద్యుత్తు లాగుచున్నది. మన యిండ్లలోని కుంకుమబరిణెలు, కవ్వములు, మంచపుకోళ్లు, పిల్లల బొంగరములు దీనిమీద బుట్టినవే. అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాకకు బోయినవా రీ పనిని కన్నులార జూడవచ్చును. అచ్చట అంకుడుకట్టెను తరిమెన కెక్కించి వలసిన రూపము దీసి, అది తిరుగుచుండగనే రంగు కలిపిన లక్కకడ్డిని దానిపై నొత్తుదురు. రాపిడివేడికి లక్క కరగి కట్టెకు బట్టును. పిమ్మట మొగలియాకు నానించి మెఱుగు దెత్తురు. వెలవెలబోవు కట్టె చూచుచుండగనే లక్కపిడత యగుట గాంచి మేము పూట యంతయు నచ్చటనే నిలిచిపోతిమి. ఆనాడంటిన జాడ్యమే మాది. అయితే ఏటికొప్పాకవారికిని మాకును భేదము గలదు. వారికది కూడు, మాకు కాలక్షేపము.

కాలక్షేపమునకు కలప కొనుట మాకు రుచింపలేదు. దొరకిన కట్టెతో జేసిన వస్తువునకు గల ముచ్చట కొన్న కట్టెకు లేదని తోచెను. కావున నెక్కడికి బ్రయాణమైనను మా సంచిలో నొక చేతిరంపము, ఒక చాకు, ఒక భూతద్దము, ఒక మైనపుముద్ద యుండెడివి. మైన మేల యందురా? పచ్చికట్టె యారునపుడు కొనలనుండి తేమ త్వరగా బోవును, నడుమనుండి మెల్లగా బోవును. అందుచే కొనలు బీటలువాఱును. కొనలకు మైనము పూసినచో నా బీటలు తగ్గును. ఇట్లు సింహాచలము కొండక్రింద నొక పనసకొమ్మ, గోదావరి లంకలో నొక చింతవేరు, శ్రీశైలము దారిలో నొక తుమికిమోడు మా యింటికి జేరినవి. "ఊరికి బోయివచ్చినవారు చీరలు దెత్తురు, మీరు వంటచెఱకు దెత్తురు" అని మా యింటి యిల్లాలు చుట్టములతో జెప్పుచుండును. ఆమె మాట యెంత దూరము పోవునో యప్పటికి మాకు దెలియలేదు.

పడిన కట్టెను గుర్తించుట యొక విద్య. దాని సుఖము తెలిసినవారికే తెలియును. చెట్టు నిలిచియున్నప్పుడు ఆకు గలదు, పూవు గలదు, కాయ గలదు. పేరు చెప్పుట సులభము. బెరడూడి, యెండకు వెల్లబాఱి, వానకు నల్లబడిన ముక్క కవి యేవియు లేవు. శీతలదేశములలో చెట్టు చలికాలమున బెరుగుట మాని వసంతమున మరల నారంభించును గావున కొయ్యలో నేటికొక వలయ మేర్పడును. మన యుష్ణదేశపు చెట్లలో ననేకములకు స్పష్టమైన వలయములే యుండవు. టేకువంటివి కొన్ని మాత్రము వానిని జక్కగా జూపును. కాబట్టి వేఱు సాక్ష్యములు వెదకవలయును. మొదట చేతబట్టి బరువు చూడవలెను. తరువాత చాకుతో జెక్కి, పైనున్న తెల్లచెక్కను దాటి చేవను జూడవలెను. పనసచేవ పసుపువన్నె, తుమికిచేవ నలుపు, జిట్రేగిచేవ నల్లచారలతో గూడిన యూదావన్నె. చెక్కినచోట కొంచెము తడిచేసి వాసన చూడవలెను. టేకు పాత తోలుసంచివలె వాసన గొట్టును. చందనమునకు వేఱుగ జెప్పనక్కఱలేదు. పిమ్మట నీట వేయవలెను. ఎఱ్ఱచందనపు చేవ ఱాయివలె మునుగును. పెద్దేగి యనియు వేగిస యనియు మనవారు పిలుచు చెట్టు చేవపొట్టును నీట నానవేసి యెండలో బట్టి చూచినచో నా నీరు నీలివన్నె దేఱును. ఆ కొయ్యతో జేసిన గ్లాసులో రాత్రి నీరుపోసి యుదయమున ద్రాగిన మధుమేహము తగ్గునని జనులు నమ్ముదురు. ఆ నమ్మకమును బట్టి యాత్రాస్థలములలో నేదో యొక చెక్కగ్లాసు పెద్దేగి పేరున నమ్ముడువోవుట మేము చూచితిమి. నీలివన్నె పరీక్ష తెలిసినచో నీ మోస మొక నిమిషములో బయటపడును.

ఇవి చాలనిచో భూతద్దము. కొనను పదునైన చాకుతో నున్నగా జెక్కి చూచినచో సూదిమొన పట్టునంత రంధ్రములు కనబడును. చెట్టు బ్రతికియుండగా నీటిని పైకి బంపిన గొట్టము లవియే. వాని పెద్దఱికము, వాని వరుస, వాని చుట్టునున్న లేతవన్నె యంచు, మధ్యనుండి బయటికి బోవు సన్నని గీతలు — వీనిని బట్టి పండితులు జాతిని నిర్ణయింతురు. మద్రాసు రాజధానిలో నటవీశాఖయందు బనిచేసిన గాంబిల్ దొర 1881వ సంవత్సరముననే హిందూదేశపు కలపలనుగూర్చి గొప్ప గ్రంథము ప్రకటించెను. డెహరాడూనులో 1906లో స్థాపింపబడిన అటవీపరిశోధన సంస్థలో కొయ్యముక్కలు వేలకొలది భద్రపఱుపబడియున్నవి. గుర్తింపక పని చేసినవారికి శిక్షయు గలదు. బిల్లుకొయ్య పట్టువలె మెఱయును గాని దాని పొట్టు కొందఱి మేనికి బడదు. మే మొకసారి పేరు దెలిసికొనకయే తరిమెన కెక్కించి వారముదినములు ముంజేతులు గోకికొంటిమి. నల్లజీడి రసము సంగతి చాకలివారి నడిగిన జెప్పుదురు. బట్టలపై చెరగని గుర్తులువేయు నా రసమే చర్మముపై బొబ్బ లెక్కించును.

అయినను పుస్తకముకంటెను భూతద్దముకంటెను మేలైన సాధన మా యూరి మనుష్యుడు. మేము గంటసేపు తడిపి, తూచి, వాసనచూచి తేల్చలేని ముక్కను గొఱ్ఱెలకాపరి యొక డాఱడుగుల దూరమునుండి చూచి "సోమిద గదయ్యా" యని తన త్రోవను దాను బోయెను. ఆ పేరు వాని కెట్లు దెలిసెను? ఆ కట్టె మంటలో నెంతసేపు నిలుచునో, గొడ్డలికర్రకు బనికివచ్చునో రాదో, చెద తినునో తినదో వాడెఱుగును గావున తెలిసెను. పేరు నడిగి తెలిసికొని, కట్టెను సంచిలో వైచికొని, కాపరికి దండముపెట్టి వచ్చితిమి. వాని నడుగవలసినది పే రొకటియే కాదని యప్పటికి మాకు దట్టలేదు.

ఏ చిక్కును లేని సందర్భములు కొన్ని కలవు. వానిని ముందు చెప్పి తీసివేయుదము. 2014 అక్టోబరు 12వ తేదిని హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును దాకినప్పుడు వీథులలో చెట్లు వేళ్లతోగూడ గూలినవి. కొలదిదినముల కచ్చటికి బోయిన మాకు దారిపొడవునను నఱికి కుప్పవేసిన నిద్రగన్నేరు దుంగలు కనబడెను. ఆ చెట్టు మనది కాదు. అమెరికాఖండమునుండి వచ్చి మన బాటల కిరువైపుల గొడుగుపట్టినది. కుప్ప నెత్తుచున్న పనివాని నడిగితిమి. "రెండు తీసికొండి, మాకు మోత తగ్గును" అనెను. దానితో జేసిన గిన్నె యిప్పుడును మా కిటికీయొద్ద నున్నది. దానిపై మాకే సందేహమును లేదు. అడిగితిమి, ఇచ్చిరి, మేము తీసికొనుటవలన నెవ్వరి పొయ్యియు నాఱలేదు.

కొండమీద జరిగినది వేఱు. బొఱ్ఱాగుహలు చూచి అనంతగిరి కొండలలో కాలిబాటను దిగుచుండగా, బాటప్రక్కన నొక మోడుముక్క కనబడెను. మట్టిలోనుండి పెల్లగింపబడి, మూరెడు పొడవుతో, పైనొక చిన్న ఱాతితో బడియున్నది. ఱాతిని దొలగించి చెక్కి చూచితిమి. జిట్రేగి! నల్లచారలు నీటియలలవలె దిరిగియున్నవి. వేరు మొదట చేవ సుడులు దిరుగునని చదివియుంటిమి గాని చేతబట్టి చూచుట యదియే మొదలు. దానిలో దాగియున్న గిన్నె మా కన్నులకు గట్టినట్లు కనబడెను. భుజముపై బెట్టుకొని పదియడుగులు నడచితిమో లేదో, వెనుకనుండి పుల్లలమోపు తలపై నెత్తుకొన్న యొక ముసలమ్మ వడివడిగ వచ్చి కట్టెకొనను బట్టుకొన్నది.

"ఇది నాది బాబూ. రాయెట్టినాను కాదేటి?"

ఱాయి పెట్టుట యనగా నా పల్లెలో సంతకము. ఎత్తలేనిదానిని మఱునాటికి దాచుకొనునపుడు దానిపై ఱాయి పెట్టుదురట, ఇంకొకరు తాకరట. మేము చదువుకొన్నవారము, మేము చేసిన మొదటిపని యా ఱాతిని దొలగించుట. సిగ్గుపడి, "అమ్మా, ఈ కట్టె చాల మంచిది, దీని వెల యిచ్చెదము" అని రెండువందల రూపాయలు చూపితిమి. ఆమె నోటు వంక జూచి, మా వంక జూచి, "వాన పడతన్నది బాబూ. నోట్లు పొయ్యిలో మండవు గదా" అనెను. కట్టెను దించి యిచ్చితిమి.

ఆ రాత్రి బసలో మా మనస్సు మాతో వాదించిన వాద మిది. ఏరుకొనువా రందఱును దమలో దాము చేసికొను వాదమే గావున దాచక వ్రాయుచున్నాము. "అంత సుందరమైన కొయ్యను పొయ్యిలో బెట్టుట వృథా గాదా? నూఱేండ్లు నిలుచు వస్తువు కావలసినది పూటలో బూడిద యగును. దానిలోని సౌందర్యమును గుర్తింపగలవానికి, గుర్తింపలేనివానికంటె దానిపై నెక్కుడు హక్కు లేదా?" ఈ వాదము చూచుటకు గంభీరముగ నున్నది. కాని దీనిని కొంచెము కదల్చిచూచినచో నెందఱెందఱి నోట వింటిమో జ్ఞప్తికి వచ్చును. మీరు దున్నని భూమి వృథా; మీ రెఱుగని గని వృథా; మీ గుడిలోని విగ్రహము మా ప్రదర్శనశాలలో నుండిననే దానికి గౌరవము. ఎఱిగినవాడే యొడయడను సిద్ధాంత మిది. మన దేశ మీ సిద్ధాంతమును దొరలనోట చాలకాలము వినినది. అదే మాట మా నోటనుండి కొండపల్లె ముసలమ్మపై వెడలునని మేము తలపలేదు.

మన పెద్దలు రాలినదానిని ఏరుకొనుటను నిందింపలేదు, కొనియాడిరి. కోత యైనపిమ్మట పొలములో రాలిన గింజల నేరుకొని బ్రతుకుటకు ఉంఛవృత్తి యని పేరు. మనుస్మృతి బ్రాహ్మణుని జీవికలను లెక్కించుచు దీనికి ఋత మని పేరుపెట్టినది. యాచించి తెచ్చుకొన్నదానికి మృత మని పేరుపెట్టినది. మహాభారతమున అశ్వమేధపర్వములో ధర్మరాజు యజ్ఞమున కంతకును ఉంఛవృత్తి బ్రాహ్మణుడు కురుక్షేత్రమున నతిథికి బెట్టిన పేలపిండితో సాటిరాదని సగముమేను బంగారమైన ముంగిస సభలో జెప్పును. ఈ కథను మేము చిన్ననాట నెన్నిమాఱులో వింటిమి. మమ్ము మేమా బ్రాహ్మణుని వంశమున జేర్చుకొని సంతోషించితిమి. కాని యుంఛవృత్తికి నియమములు గలవు. సొంతదారు కోసికొని, కుప్పవేసికొని, వలదని విడిచిన తరువాతనే యేరవలెను. ఆకలికి జాలినంతయే యేరవలెను. అతిథి వచ్చినచో నదియు బెట్టవలెను. మా యేరుడు వీనిలో దేనికి సరిపడునో యెంత వెదకినను గనబడలేదు. ముసలమ్మ పుల్లలమోపు మూడింటికిని సరిపడినది.

ఇంకొక చోద్యము. ఒకే పని మువ్వురు చేసిరి. నేలబడినదానిని వంగి యెత్తుకొనుటయే యా పని. బ్రాహ్మణుడు చేసినచో ఋషి. మేము చేసినచో కళాభిరుచి గలవారము. పేద స్త్రీ చేసినచో దొంగ. ఇది యతిశయోక్తి కాదు. మద్రాసు రాజధానిలో 1882లో అడవుల శాసనము వచ్చినది మొదలు పల్లెవారు తరతరములుగ మేపుకొన్న గుట్టలు, ఏరుకొన్న పుల్లలు ప్రభుత్వపు సొత్తైనవి. పుల్లరి కట్టనందుకు పల్నాటివారి పశువులను బందెలదొడ్లకు దోలిరి. ఆ పోరాటమున కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకిగుండ్లకు బలియయ్యెను. అదే సంవత్సరమున మన్యములో అల్లూరి సీతారామరాజు వెంట లేచినవారి కష్టములలోను అడవిశాసనములు ముఖ్యమైనవి. ఈ వ్యవహారము మన దేశమునకే చెల్లలేదు. జర్మనీలో రైనునదీ ప్రాంతపు శాసనసభవారు అడవిలో రాలిన పుల్లల నేరుటను గూడ దొంగతనముగా నెంచవలెనని చర్చింపగా, నిరువదినాలుగేండ్ల కారల్ మార్క్సు 1842లో తన పత్రికయందు వారిని దూఱబట్టెను. నిలిచిన చెట్టు నఱుకుటయు, చెట్టు తానై విడిచిన కొమ్మ నెత్తుకొనుటయు నొకటి కాదని యతని వాదము. తరువాత నతని సిద్ధాంతము లెంత దూరము పోయినవో, వానితో మనమెంతవఱ కేకీభవింతుమో యది వేఱుసంగతి. ఆర్థికవిషయములపై నతనికి మొదట దృష్టి మరలించినవానిలో నీ పుల్లల తగవొకటి యని యతడే చెప్పుకొనెను.

శాసనముమాట వచ్చినది గావున యాత్రికులు తెలిసికొనవలసినది కొంత వ్రాయుదుము. 1927నాటి భారత అటవీశాసనము ప్రకారము నదిలో గొట్టుకొనివచ్చినదియు, నొడ్డునబడినదియు, మునిగియున్నదియు నగు కలపపై నెవరైనను తమ హక్కును ఋజువుచేయువఱకు నది ప్రభుత్వపు సొత్తే. ఏటియొడ్డున దొరకిన దుంగ యెవ్వరిదియు గాదనుకొనువారి యూహ యిచ్చట దప్పును. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనమును బట్టి యభయారణ్యములనుండి యనుమతిలేక యేమియు దేరాదు. 2006లో వచ్చిన అటవీహక్కుల శాసనము మాత్రము వేఱొకదారి ద్రొక్కినది. అడవినే నమ్మి బ్రతుకు గిరిజనులకును తక్కిన వనవాసులకును చిన్నతరహా అటవీఫలములపై హక్కును గుర్తించి, వానిలో తేనె, లక్క, తునికాకులతోపాటు పుల్లలను, మోళ్లను గూడ బేర్కొన్నది. మోడు! మా చేతిలోనిది మోడుముక్కయే గదా. ఇంటికి వచ్చి యా శాసనము చదువుకొన్నప్పుడు ముసలమ్మ ఱాయియు ప్రభుత్వపు ముద్రయు నొకటే చెప్పుచున్నట్లు తోచెను. అంతకు ముందు ఱాయి చెప్పినప్పుడే యేల నమ్మలేదని మమ్ము మేము ప్రశ్నించుకొంటిమి.

అటుపిమ్మట తలకోన దారిలో మాకొక పరీక్ష వచ్చినది. చేయెడు ముక్క యొకటి రాళ్ల నడుమ నుండెను. చాకు మొనతో గీచితిమి, నెత్తురువన్నె గనబడెను. ఎఱ్ఱచందనము. శేషాచలము, పాలకొండ, వెలిగొండ, లంకమల మొదలైన గుట్టలలో దప్ప సహజముగ నింకెక్కడను బెరుగని చెట్టది. దాని యంతర్జాతీయ వ్యాపారము 1995 నుండి నిర్బంధములకు లోబడియున్నది. 2015 ఏప్రిలు 7వ తేదిని శేషాచలపు టడవిలో తమిళనాటి కూలీ లిరువదిమంది పోలీసు కాల్పులలో మరణించిరి. ఆత్మరక్షణకై కాల్చితిమని పోలీసు లనిరి. హక్కుల సంఘములవా రొప్పుకొనలేదు. ఆ కొయ్యను కొన్న షావుకార్లలో నొకడైన నచ్చట లేడు, మోసినవారే యుండిరి. ఆ ముక్కను మేమున్నచోటనే పెట్టి వచ్చితిమి. సాహసమేమియు గాదు, పట్టుబడుదుమను భయమును గలదు. కాని పేరు తెలియనిచో సంచిలో వైచికొని యుందుము. గుర్తించుట మా కంతవఱకు తీసికొనుటకు బనికివచ్చిన విద్య. నాడు మొదటిసారిగ విడుచుటకు బనికివచ్చినది.

"ఎవ్వరును దీయనిచో నడవిలో గుళ్లిపోవును గదా" యను మాట మిగిలియున్నది. దీనికి మేము జవాబు వెదకనక్కఱలేదు. వానకాలమున నడవి చూచినచో జాలును. పడిన కట్టెను చెదలు తినును. తిని జీర్ణించుకొనలేక పుట్టలో నొకవిధమైన బూజును సేద్యము చేసి, దాని సాయమున జీర్ణించుకొనును. తొలకరి వానలకు నా బూజే పుట్టపై గొడుగై లేచును. అదియే పుట్టగొడుగు, కొండవారి కూర. ఆ కట్టెలోనే పేడపురుగువంటి పురుగులు గ్రుడ్లు పెట్టును, వడ్రంగిపిట్ట వానిని వెదకును. కుళ్లుట యని మన మనునది వారికి సంతర్పణ. అట్లని పడిన పుల్లలలో నొక్కటియు దాకరాదని మే మనము. ముసలమ్మయు దాకినది. చెదలకును, వడ్రంగిపిట్టకును, ముసలమ్మకును వంతులు పోయినపిమ్మట మా వంతెంత యనునదే ప్రశ్న.

వృథా యెచ్చట జరుగుచున్నదో చూడవలెనన్నచో మా కొట్టములోనికి రండు. ఈ వ్యాసము వ్రాయుటకు ముందొకనాడు మేము తెచ్చిన ముక్కల నన్నిటిని బయటవేసి లెక్కించితిమి. నలువదియొకటి. తరిమెన కెక్కినవి తొమ్మిది. మైనము పూసినను పదునాలుగు బీటలువాఱినవి. పనసకొమ్మ తెల్లచెక్క నంతను పురుగు తొలిచి పిండిచేసినది. గోటితో నొక్కిన లోపలికి బోవుచున్నది. "వృథాపోవునని తెచ్చితిమి" అనుకొన్న గోదావరి చింతవేరు మా కొట్టములోనే వృథా యైనది. అచ్చటనే యున్నచో నెవరి యింటనో రెండుపూటల యన్న ముడికియుండును. మా యిల్లాలు వంటచెఱకని యన్నప్పుడు మేము నవ్వితిమి గాని యాకట్టెల కామె పెట్టిన పేరే సరియైనది.

అమెరికాలో నుద్యోగము చేయుచు సెలవుదినములలో తరిమెనపని నేర్చుకొన్న మా మేనల్లుడు, పుట్టినయూరి చింతకొయ్యతో గిన్నె చేసికొనవలెనని ముక్క పంపుమని వ్రాసెను. ఆ కోరిక మాకు గన్నీరు దెప్పించెను, పంపలేదు. కట్టెతో గూడ కట్టెలోని పురుగును సముద్రము దాటును. ఆసియాఖండపు పచ్చనిపురు గొకటి యామెరికాకు జేరి, డెట్రాయిటు ప్రాంతమున 2002లో గుర్తింపబడి, యప్పటినుండి యా దేశపు ఆష్ చెట్లను గోట్లకొలది చంపినది. సరకులపెట్టెల చెక్కలలో దాగివచ్చియుండునని యెన్నుదురు. హవాయి ద్వీపమున 2014లో గుర్తింపబడిన బూజుతెగులు ఓహియా చెట్లను గూల్చుచుండగా, నా కొయ్యను అనుమతిలేక యొక దీవినుండి యింకొక దీవికి మార్చుటనే నిషేధించిరి. అచ్చట యాత్రికుడు ముచ్చటపడి సంచిలో వేసికొన్న ముక్క యొక యడవికి మృత్యువు కావచ్చును. మేనల్లున కీ సంగతులన్నియు వ్రాసితిమి. చింతకు మాఱుగా వాని వీథిలో గాలికి గూలిన చెట్టు నడిగి తెచ్చుకొమ్మంటిమి. వాడు కొన్నాళ్లు మాట్లాడలేదు.

ఇప్పటికిని మా సంచిలో భూతద్దమున్నది, చాకున్నది. రంపమును దీసివేసితిమి. కనబడిన కట్టెను జెక్కి, చూచి, పేరు చెప్పుకొని, ఉన్నచోటనే పెట్టుదుము. పట్టణములలో కూలిన చెట్ల ముక్కలను మాత్ర మడిగి తెచ్చుకొందుము. అందులో సుఖము తగ్గలేదని వ్రాసిన నది యబద్ధము. తగ్గినది. ఆ జిట్రేగి సుడులు మా కిప్పటికిని గన్నులలో దిరుగుచున్నవి.

ఆనాటి కథ కొంత మిగిలినది. కట్టె యిచ్చివేసిన కొలదిసేపటికే వాన పట్టుకొన్నది. ముసలమ్మయే కేకవేసి మమ్ము దన గుడిసెలోనికి బిలిచినది. పొయ్యిమీద చోడియంబలి పెట్టి, కత్తితో మోడును నిలువున రెండుగా జీల్చి, సగమును పొయ్యిలో బెట్టినది. చీలినప్పుడు లోపలి వన్నె మేమనుకొన్నదానికంటె బాగుండెను. కమ్మని వాసన గుడిసె నిండెను. అంబలి గిన్నెను మా చేతికిచ్చి యామె యడిగినది:

"ఇది అట్టికెళ్లి ఏటి సేద్దామనుకున్నారు బాబూ?"

"గిన్నె చేద్దామనుకున్నామమ్మా."

"అందులో ఏటొండుతారు?"

"వండేది కాదమ్మా. ఊరికే పెట్టుకొని చూచుటకు."

ఆమె నవ్వలేదు. కొంచెముసేపు మా మొగము వంక జూచి, వాన యింకను బడుచున్నది గావున, రెండవ సగమును గూడ పొయ్యి దగ్గఱకు జరిపినది.